ఎడమ చక్రం

786
చిల్లకూరు,
12-2-1962

అక్క మెహబూబున్నీసాకు, తమ్ముడు దరియావలి సలాం.

ఇక్కడ అందరం ఉపవాసాల్లో ఉన్నాం. ఒళ్ళు తేలికగానూ నోరు బరువుగానూ ఉంది. లాల్‌బీ పిన్నమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను పంపిన తైలం తను రుద్దుకుంటోందా, లేక నీ కన్నుగప్పి మేకకు రుద్దుతోందా?

ఇక అసలు సంగతి. రాయాలా వద్దా అని మూడు రోజులు ఊగిసలాడాను. నేను రాయకపోతే నెల్లూరు బస్సు కండక్టరు నీకు చెబుతాడు, అప్పుడు నీ నోటికి నేను చిక్కుతాను. అక్కా, బావ నడిపిన కారు నా షెడ్డుకు వచ్చింది.

అవును, అదే. అభ్రకం గని కామందుగారి నల్ల ఇంగ్లీషు కారు. నాలుగేళ్ళ కిందట ఎనిమిదో మైలు దగ్గర ఉప్పుటేరు వంతెన మీంచి బావతో సహా కిందికి పోయిన కారు. బయటికి తీశాక కామందు దాన్ని సముద్రం పక్కన సరుగుడు తోపులో, తన ఉప్పు కొట్టంలో పడేశాడు. ఇప్పుడు డాక్టరు జీవానందం గారు కొన్నారు. తీరం వెంట పల్లెల్లో పురుళ్ళకూ జ్వరాలకూ తిరగడానికి ఆయనకు బండి కావాలి. ఇంజను గూడూరులో వేరే మేస్త్రీ బాగు చేశాడు. ముందు భాగం నాకు అప్పగించారు: కమాన్లు, ఇరుసు, స్టీరింగు, బ్రేకులు. ఎద్దులు కట్టి లాక్కొచ్చి షెడ్డులో వదిలారు.

ముందు భాగాన్ని జాకీ మీద లేపాను. కుడి చక్రం కిర్రుమంటూనైనా తిరిగింది. ఎడమది కదల్లేదు. ఉప్పు గాలికి తుప్పు పట్టి ఉంటుంది, సరే. కానీ బ్రేకు పెడలు నేలకు అంటుకుని ఉంది. చేత్తో పైకి లాగి, మధ్యాహ్నం జొహర్ నమాజుకు వెళ్ళి వచ్చాను. వచ్చేసరికి మళ్ళీ కిందికి పోయింది. దాని స్ప్రింగు తెగిందని తర్వాత చూశాను. స్ప్రింగు తెగితే పెడలు పడుతుంది, నిజమే. కానీ పడి ఉండటం వేరు, తొక్కి పట్టినట్టు ఉండటం వేరు. భయం వేసింది, నీ దగ్గర దాచడం ఎందుకు.

బావ పోయిన రోజుల్లో నేను మద్రాసు వర్క్‌షాపులో ఉన్నాను. మట్టి ఇచ్చే వేళకు మాత్రమే అందుకున్నాను. కారును అప్పుడు చూడలేదు. ఇప్పుడు చూస్తున్నాను. ఈ పని చేయమంటావా, మానుకోమంటావా? వద్దంటే డాక్టరు గారికి చేతులు జోడించి చెబుతాను.

నీ జవాబు వచ్చే దాకా ఒక్క బోల్టూ విప్పని నీ తమ్ముడు,
దరియావలి


786
సంగం,
20-2-1962

ఒరే దరియా,

అనుమతి కావలసినవాడు ముందు కారును షెడ్డులో పెట్టుకుని అడగడు. నువ్వు జాకీ మీదికి ఎక్కించి మరీ అడుగుతున్నావు. చిన్నప్పుడూ ఇంతే, బెల్లం నోట్లో వేసుకుని, "అక్కా, తిననా?" అనేవాడివి.

విప్పు. ప్రతి బోల్టూ విప్పు. నాలుగేళ్ళుగా నేను అడుగుతున్నది అదే, వినేవాడు లేక ఊరుకున్నాను. మీ బావ తాగి నడిపాడని కామందు చెప్పాడు. పోలీసులు అదే రాసుకున్నారు. ఊరు అదే నమ్మింది. జ్వరం వస్తే టానిక్కు సీసా వాసన చూసి పక్కన పెట్టిన మనిషి ఆయన. బావి దగ్గర ఒకామె నన్ను, "తాగి సచ్చినోడి పెండ్లామా, నీ బిందె ఆడ పెట్టుకో" అన్నది. ఆ మర్నాడే చిల్లకూరు వదిలి ఇక్కడికి వచ్చాను. నేను బిందెకు ఏడవలేదు, ఆ మాటకు ఏడ్చాను. నాకు ఇప్పుడు వేరే ఏమీ వద్దు. మీ బావ చోటే సాహెబ్ తాగలేదని నలుగురి ముందూ రుజువు కావాలి. అది దొరికితే నేను సుఖంగా చస్తాను.

పెడలు సంగతి చదివి నాకు భయం వేయలేదు. ఆపాలని తొక్కి ఉంటాడు. తాగినవాడికి ఆపాలని తోస్తుందా?

నువ్వు చూసింది చూసినట్టు రాయి. నన్ను ఓదార్చడానికి ఏదీ దాచకు. మంచిదైనా చెడ్డదైనా నాకే ముందు తెలియాలి.

పిన్నమ్మ తైలం మేకకు రుద్దడం లేదు. మేకే వచ్చి పిన్నమ్మ మోకాళ్ళు నాకిపోతోంది. నేను ఎప్పటిలాగే పిల్లలకు కుట్టు నేర్పుతున్నాను, పక్కనున్న చిన్న దర్గాలో పొద్దునా సాయంత్రం దీపం చూసుకుంటున్నాను. రోజు గడుస్తోంది.

కోపంగా కాదు, తొందరగా రాసిన
మీ అక్క


786
చిల్లకూరు,
11-3-1962

అక్కకు సలాం.

పండగ బాగా జరిగింది. సేమ్యాలో చక్కెర ఎక్కువైంది, నువ్వుంటే తిట్టేదానివి.

చూసింది చూసినట్టు రాయమన్నావు, రాస్తున్నాను. ముందు కమాన్లు, అంటే బండి బరువు మోసే ఇనుప పట్టీల కట్టలు, విప్పాను. ఎడమ వైపు పట్టీలు రెండు విరిగి ఉన్నాయి. అరిగి విరిగినవి కావు, కింద పడ్డ దెబ్బకు విరిగినవి. చక్రం పక్కకు తిరగడానికి నిలువుగా ఒక కడ్డీ ఉంటుంది, కింగ్ పిన్ అంటాం. రెండు వైపులవీ అరిగాయి గానీ, ప్రాణం తీసేటంత కాదు. స్టీరింగు కడ్డీలు బాగానే ఉన్నాయి. అంటే బావ ఎటు తిప్పితే అటు తిరిగే బండే అది.

తర్వాత ఎడమ చక్రం డ్రమ్ము. కిరసనాయిలు పోసి, వేడి చేసి, మూడు రోజులు పోరాడాను. చివరికి ఊడింది. లోపల బ్రేకు షూలు డ్రమ్మును కరచుకునే ఉన్నాయి, నాలుగేళ్ళుగా. వాటి లైనింగు కాలి నల్లబడింది. అక్కా, డ్రమ్ము ఊడగానే లోపలినుంచి ఊదు వాసన వచ్చింది. దర్గాలో వేసే ఊదు. షెడ్డులో ఎవరూ ఊదు వేయలేదు. నేను లేచి బయటికి పోయి రోడ్డు మీద నిలబడ్డాను. కాసేపయ్యాక సిగ్గుపడి మళ్ళీ లోపలికి వచ్చాను.

ఆ షూలను తోసే చిన్న సిలిండరులో రబ్బరు కప్పులుంటాయి, అణా బిళ్ళంత. అవి చూశాను. ఉబ్బిపోయి, మెత్తబడి, సిలిండరులో ఇరుక్కుపోయి ఉన్నాయి. పెడలు దగ్గరి పెద్ద సిలిండరులోనూ అంతే. ఈ బ్రేకులకు ప్రత్యేకంగా ఒక నూనె ఉంటుంది. వేరే నూనె పడితే రబ్బరు ఉబ్బుతుంది. ఉబ్బితే ముందుకు పోయిన నూనె వెనక్కి రాదు. బ్రేకు కాస్త పట్టుకునే ఉంటుంది. కొన్ని మైళ్ళు పోయేసరికి డ్రమ్ములు వేడెక్కి, ఆ వేడికి నూనె పొంగి, ఎవరూ తొక్కకుండానే బ్రేకు పడిపోతుంది. ఎడమ చక్రంలో రబ్బరు మరీ ఉబ్బింది గనుక అది ముందు పట్టింది. బండి ఎడమకు లాగేసింది. వంతెనకు ఎడమ పక్కే గోడ లేనిది.

బావ తాగలేదక్కా. ఆ బ్రేకు నూనె డబ్బాలో ఎవరో వేరే నూనె పోశారు. ఇది నేను ఏ మేస్త్రీ ముందైనా, ఏ అధికారి ముందైనా చెప్పగలను. ఉబ్బిన కప్పులు సీసాలో వేసి దాచాను.

నాలుగేళ్ళ తర్వాతైనా నీకు పనికొచ్చిన తమ్ముడు,
దరియావలి


786
సంగం,
19-3-1962

నా తండ్రీ దరియా,

నీ ఉత్తరం పిన్నమ్మకు చదివి వినిపించాను. తర్వాత పక్కింటివాళ్ళకు. తర్వాత ఎవరూ అడగకపోయినా పోస్టుమ్యానుకు. చాలా ఏడ్చాను, నవ్వాను కూడా. ఆయన ఫోటో తుడిచి దాని ముందు కూర్చుని, "ఇంక తలెత్తుకో" అన్నాను.

సంతోషం అయ్యాక కోపం వచ్చింది. ఎవరో పోశారు అన్నావు. ఎవరో ఏమిటి? ఆ కారును ముట్టుకునేది ఇద్దరే, మీ బావ, కారు తుడిచే రమణయ్య. పోవడానికి వారం ముందు ఇద్దరికీ తగాదా అయింది. సీటు కింద బీడీలు దొరికాయని మీ బావ వాడిని కామందు ముందు పెట్టాడు. వాడు, "నీ సంగతి చూస్తా చోటేన్నా" అన్నాడని ఆయనే అన్నం తింటూ చెప్పాడు. నేను ఆ మాట ఇన్నేళ్ళూ మరిచిపోయాను. నీ ఉత్తరం చదవగానే చెవిలో పడ్డట్టు వినిపించింది.

కలెక్టరు గారికి అర్జీ పెడతాను. కావాలని నూనె పోసి నా భర్తను చంపాడని రాయిస్తాను. నెల్లూరులో అర్జీలు రాసే గుమాస్తాను కనుక్కున్నాను. నువ్వు చూసినదంతా ఒక కాగితం మీద రాసి, డాక్టరు గారి సంతకం తీసుకుని పంపు. వాడిప్పుడు గూడూరు రోడ్డులో టీ కొట్టు పెట్టుకుని హాయిగా ఉన్నాడట. ఉండనీ, ఎన్నాళ్ళుంటాడో.

దీవెనలతో,
అక్క


786
చిల్లకూరు,
14-4-1962

అక్కకు సలాం.

జవాబు ఆలస్యమైంది, తిట్టు. నీకు ఏం రాయాలో తెలియక ఆలస్యం చేశాను.

పోశారు అని రాశాను గానీ, చంపాలని పోశారు అని నేను రాయలేదక్కా. తెలియక పోసేవాళ్ళే ఎక్కువ. బ్రేకు నూనె దొరక్క ఇంజను నూనె పోసేవాళ్ళను నేనే పదిమందిని చూశాను. అందుకని రమణయ్య టీ కొట్టుకు వెళ్ళి, మెల్లగా మాట తీశాను. నాలుగేళ్ళ కిందటి మాట ఎత్తగానే అతని చేతిలో గ్లాసు వణికింది.

"నేనాడ పోస్తానన్నా? ఆ బ్రేకు డబ్బా మూత చోటేన్న ఎవురినన్నా ముట్టుకోనిచ్చినాడా? నేను తుడవబోతే గూడా చెయ్యి మీద ఒకటేసినాడు. బీడీల కాడ కోపంలో ఏందో అన్నా, నిజమే. ఆయన పొయినంక ఆ మాట నా నోట్లోంచి ఎందుకొచ్చిందా అని నాలుగేండ్లుగా ఏడస్తా ఉండా" అన్నాడు. ఆ మనిషి అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు.

కోపం తెచ్చుకోకుండా చదువు. మూత బావ ఒక్కడే తీసేవాడంటే, బావే తెలియక ఏదైనా పోశాడేమో. ఇంట్లో అలాంటి నూనె సంగతి నీకేమైనా గుర్తుందా? కాస్త ఆలోచించి చెప్పు. అంతవరకు అర్జీ ఆపు.

కారు పూర్తయింది. కొత్త పట్టీలు గూడూరు కొలిమిలో చేయించాను. కింగ్ పిన్నులూ బుష్‌లూ రబ్బరు కప్పులూ మద్రాసు నుంచి వచ్చాయి. పైపులు కడిగి కొత్త బ్రేకు నూనె నేనే పోశాను. ముందు చక్రాలకు దారం కట్టి వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచూశాను. స్టీరింగు వదిలేసినా బండి గీత గీసినట్టు పోతోంది. డాక్టరు గారి కొత్త డ్రైవరు హజరత్తయ్య నెమ్మదస్తుడు. అతనితో కలిసి వంతెన దాకా వెళ్ళి వచ్చాను. ఏమీ కాలేదు. అయినా వంతెన దిగాక ఇద్దరం ఒకసారి వెనక్కి తిరిగి చూశాం.

నీ కోపానికి భయపడుతూనే రాసిన
దరియావలి


786
సంగం,
2-5-1962

దరియావలికి,

రమణయ్య టీలో చక్కెర బాగానే వేసినట్టున్నాడు. ఎవరి తమ్ముడివిరా నువ్వు? వాడి చెయ్యి వణికితే నీకు జాలి వేసింది, నేను నాలుగేళ్ళు వణికినా నీకు కనబడలేదు. డాక్టరు గారి సంతకం పంపలేదు. అర్జీ నేనే రాయించాను. పెట్టెలో ఉంది. ఈ నెల పదిహేనున బక్రీదు అయ్యాక నెల్లూరు వెళ్ళి ఇచ్చేస్తాను.

బావే పోశాడేమో అంటావా? తాగుబోతు అన్న నింద తీసేసి తెలివితక్కువవాడు అన్న నింద వేస్తున్నావా? ఆయన ఆ డబ్బాలో పోసింది ఏమిటో నాకంటే ఎవరికి తెలుసు? చెబుతాను, విను. చిల్లకూరులో తిప్ప మీది దర్గాలో దీపం నూనె, కాస్త ఊదు బూడిద కలిపి ఇస్తారు కదా. ఒంటెద్దు బండివాళ్ళు దాన్ని ఇరుసుకు రాసుకుంటారు, ప్రయాణంలో రక్షగా ఉంటుందని. నేనూ ఒక సీసా తెచ్చాను. "మీ కారుకు ప్రాణం యాడుంటదో ఆడ పొయ్యండి" అన్నాను. ఆయన నవ్వి, "ఉరికించేదాంట్లో గాదే, ఆపేదాంట్లో ఉంటది ప్రాణం" అని బ్రేకు డబ్బాలో పోశాడు. పోయే ముందు పది పన్నెండు రోజులు రోజూ కాస్త పోశాడు. వేరుశెనగ నూనె, శుభ్రమైనది, దీపంలో వెలిగినది. అంత రక్ష ఉన్న చోట ఆ రమణయ్య ఏ విషం కలిపాడో, అది నువ్వు కనిపెట్టు.

పదిరోజుల కిందట హజరత్తయ్యా, ఆయన భార్య ఆదిశేషమ్మా మొక్కు తీర్చుకోవడానికి సంగం వచ్చి నన్ను చూసి పోయారు. బంగారంలాంటి మనుషులు. అక్కా అక్కా అని అన్నం పెట్టించుకుని మరీ తిన్నారు. మీ బావ కూర్చున్న సీటులో కూర్చునేవాడిని వట్టి చేతులతో ఎలా పంపను? మా దర్గా దీపం నూనె సీసా ఇచ్చాను. ఎక్కడ పోయాలో, రోజూ ఎంత పోయాలో చెప్పాను. నీకు చెబితే మేస్త్రీ బుద్ధి చూపించి వద్దంటావని, చెప్పొద్దన్నాను కూడా. ఇప్పుడు నేనే చెప్పేశాను చూడు.

నీ మీద కోపం తగ్గని
అక్క


786
చిల్లకూరు,
3-5-1962

అక్కకు సలాం.

నీ నుంచి జవాబు రాకముందే రాస్తున్నాను. మనసు నిలవడం లేదు.

నాలుగు రోజులుగా కారు వంతెన దగ్గర ఆగుతోంది. వంతెన మీద కాదు, దానికి పది గజాల ముందు, ఎనిమిదో మైలు రాయి దగ్గర. మొదటి రోజు డాక్టరు గారు లోపలున్నారు. బండి దానంతట అదే బరువెక్కి, ఎడమకు లాగి, ఇసుకలో ఆగింది. గంటసేపు నిలబెట్టాక ఏమీ జరగనట్టు కదిలింది. రెండో రోజూ అక్కడే. మూడో రోజు డాక్టరు గారు దిగి, టోపీ తీసి ప్రార్థన చేసుకుని, సంచీ పట్టుకుని పల్లెకు నడిచిపోయారు. ఆ రోజు అక్కడ ఒక పురుడు కష్టమై ఉంది. ఆయన చేరేసరికి బిడ్డ దక్కలేదు.

హజరత్తయ్య నా దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. "నేను తొక్కలా దరియన్నా. బిడ్డల మీద ఒట్టు. అది పట్టుకునేటప్పుడు పెడలు గట్టిపడి నా కాలిని పైకి తోస్తా ఉండాది. ఆ కింద ఇంకోరి కాలుండాదబ్బా" అన్నాడు.

ఈ రోజు మిట్టమధ్యాహ్నం నేనే నడిపాను. ఎండ, ఉప్పు మడులు, దూరంగా సముద్రం, మనిషి అలికిడి లేదు. ఏడో మైలు దాటాక పెడలు గట్టిపడింది. ఎనిమిదో రాయి దగ్గర ఎడమ చక్రం పట్టేసింది. దిగి చూస్తే డ్రమ్ము మీద చెయ్యి పెట్టలేనంత వేడి. ఆ వేడిలోంచి మళ్ళీ ఆ ఊదు వాసన. నేను ఎందుకో "బావా" అన్నాను. అన్నాక నా గొంతు నాకే పరాయిగా వినబడింది.

నెల కిందట వేసిన కొత్త రబ్బర్లవి. నూనె తగ్గిందేమోనని మూత తీసి చూశాను. నేను పోసినదానికంటే పైకే ఉంది. వేరే నూనె ఏమైనా పోశావా అని అడిగితే హజరత్తయ్య తల అడ్డంగా ఊపాడు. మేస్త్రీగా నాకు తెలిసిన కారణం ఒక్కటీ సరిపోవడం లేదు. మనిషిగా తోచిన కారణం రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఊళ్ళో అప్పుడే చెప్పుకుంటున్నారు, చోటే సాహెబ్ బండి ఆపుతున్నాడని. రమణయ్య మీద అర్జీ పెడుతున్నావని బావకు కోపమేమో అక్కా. నువ్వొకసారి వచ్చి ఆ రాయి దగ్గర నిలబడి ఆయనతో ఒక్క మాట చెప్పు. నీ మాట వింటాడు.

పగలే భయపడుతున్న
దరియావలి


786
చిల్లకూరు,
9-5-1962

అక్కకు,

నీ రెండో తేదీ ఉత్తరం అందింది. నాలుగుసార్లు చదివాను.

నేను మూడో తేదీన రాసినదంతా మరిచిపో. కారులో ఏమీ లేదు. బావ కోపం మీద లేడు. నువ్వు రావలసిన పని లేదు.

అర్జీ ఇవ్వకు. రమణయ్య ఏ పాపమూ ఎరగడు. అప్పుడు ఆ డబ్బాలో తప్పు నూనె పోసింది నేను. బావ పోయిన నెలలో నేను వచ్చినప్పుడు, బ్రేకు నూనె తక్కువైందంటే మద్రాసు నుంచి తెచ్చిన డబ్బా పోశాను. అది బ్రేకు నూనె కాదని తర్వాత తెలిసింది. ఇన్నేళ్ళూ నీకు చెప్పే ధైర్యం లేకపోయింది. తిట్టు, కొట్టు, నా ముఖం చూడకు, కానీ అర్జీ మాత్రం చించేయి. కావాలంటే నా పేరు మీద రాయించు, వేలిముద్ర కాదు, సంతకమే పెడతాను.

హజరత్తయ్య దగ్గరి సీసా నేను తీసుకున్నాను. దర్గా నూనె ఇంకెవరి బండికీ ఇవ్వకు. ఎందుకని అడగకు, నా మీద ప్రేమ ఉంటే అడగకు.

పైపులన్నీ మళ్ళీ కడిగాను. రబ్బర్లన్నీ మళ్ళీ మార్చాను. నిన్న ఒక్కడినే వంతెన దాటి, సముద్రం దాకా వెళ్ళి, తిరిగి వచ్చాను. ఎక్కడా ఆగలేదు. ఒక్కసారి ఆగితే బాగుండు అనిపించింది. ఆగి ఉంటే ఇదంతా బావ పనే అని నమ్మేవాడిని. వచ్చేటప్పుడు ఎనిమిదో రాయి దగ్గర నేనే ఆపి, దిగి, కాసేపు ఏడ్చాను.

పిన్నమ్మను జాగ్రత్తగా చూసుకో. నువ్వూ అన్నం తిను.

దరియావలి


786
సంగం,
14-5-1962

తమ్ముడూ,

నీకు అబద్ధం చెప్పడం చేతకాదు. ఆయన పోయిన నెలలో నువ్వు ఒక్కసారే వచ్చావు, ఆయన్ని మోయడానికి. ఆ మాట నువ్వే మొదటి ఉత్తరంలో రాసుకున్నావు. ఎందుకు అబద్ధం ఆడావా అని ఒక పూట ఆలోచించాను. తర్వాత నీ ఉత్తరాలన్నీ చాప మీద వరసగా పరిచి మొదటినుంచీ చదివాను. రబ్బరు, వేరే నూనె, ఊదు వాసన, హజరత్తయ్యకు నేనిచ్చిన సీసా, ఆగిన కారు. అన్నీ నా ముందే ఉన్నాయి. నువ్వు నా కోసం మూయాలని చూసిన తలుపు నీ చేత్తోనే తీశావు.

ఆ నూనె నాది. సీసా కడిగి, నూనె పోసి, మూత బిగించి, ఆయన చొక్కా జేబులో నేనే పెట్టాను. ఆయనను చంపింది కామందు కాదు, రమణయ్య కాదు, కల్లు కాదు. ఆయనకు ఏమవుతుందో అని నాకున్న భయం చంపింది. ఇది రాస్తుంటే నాకు ఏడుపు కూడా రావడం లేదు. డాక్టరు గారు నడిచిపోయిన రోజున దక్కని బిడ్డ కూడా నా లెక్కలోదే. నువ్వు కాదన్నా సరే.

అర్జీ చించాను. కొత్తది రాయించాను. నా భర్త తాగలేదనీ, నేను తెలియక ఇచ్చిన నూనె వల్ల బ్రేకులు చెడి పోయాడనీ, నా పేరు, నా సంతకం. రమణయ్య కొట్టు ముందు నిలబడి అదే నలుగురికీ చదువుతాను. నాకు కావలసిన రుజువు దొరికింది. ఇంత ఖరీదని తెలిసి ఉంటే అడిగేదాన్నేనా అంటే, అడిగేదాన్నే.

కానీ నేను రాయాలనుకున్నది ఇది కాదు. నీ తొమ్మిదో తేదీ ఉత్తరం పోస్టుమ్యాను ఇచ్చినప్పుడు గుమ్మంలో జయశీల నిలబడి ఉంది. బొంబాయి రోడ్డు మీద లారీ నడిపే జకరయ్య భార్య. చర్చికి పోయే పిల్ల, అయినా వారం వారం వస్తుంది. చేతిలో ఖాళీ సీసా. "నూనె అయిపోయిందక్కా, ఇంకొంచెం పొయ్యవా" అన్నది.

ఇది నీకు ఎప్పుడూ రాయలేదు. చేసిన మేలు చెప్పుకోకూడదని నాకు చిన్నప్పుడు నేర్పారు. నాలుగేళ్ళుగా ఇస్తున్నాను, దరియా. లారీ డ్రైవర్ల పెళ్ళాలు, బస్సు డ్రైవర్ల తల్లులు, ఎవరు వచ్చి భయంగా ఉందన్నా ఇచ్చాను. నా గతి ఇంకొకరికి పట్టకూడదని ఇచ్చాను. ఎక్కడ పోయాలో మీ బావ చెప్పిన మాటే చెప్పాను, ఆపేదాంట్లో పోయండని. ఎంతమందికి ఇచ్చానో నాకు తెలియదు. పోయిన చలికాలంలో బద్వేలు కనుమలో ఒక లారీ పడింది. ఆ డ్రైవరు భార్య వచ్చి నా ఒడిలో తల పెట్టుకుని ఏడ్చింది. ఇంకాస్త నూనె పోసి ఉండాల్సిందేమో అని ఇద్దరం అనుకున్నాం. నేనే ఆ మాట అన్నాను.

ఈ కాగితం రోడ్డు పక్కన కూర్చుని రాస్తున్నాను. పొద్దుటినుంచి జయశీలా నేనూ ఎండలో నిలబడి లారీలు ఆపుతున్నాం. ఇప్పటికి పదకొండు ఆపాం. ఇద్దరు తిట్టారు. ఒకడు పిచ్చిదాన్నని అణా ఇవ్వబోయాడు. ముగ్గురు నా మాట విని, మూత తీసి, వాసన చూసి, బండి అక్కడే వదిలి సంగంలో మేస్త్రీ కోసం పోయారు. ఆ ముగ్గురినీ నేను ఎరగను, వాళ్ళ ఆడవాళ్ళు నన్ను ఎరుగుదురు. సగం మంది ఈ దారిన రారు, వాళ్ళకు ఎలా చెప్పాలో నువ్వు ఆలోచించు. నువ్వు రా. నీ పనిముట్లు తీసుకుని రా. వెంటనే రా.

జకరయ్య లారీ ఇంకా రాలేదు. రోజూ మధ్యాహ్నం నమాజు వేళకు ఆనకట్ట మలుపులో హారను వినబడుతుంది. ఇప్పుడు పొద్దు వాలుతోంది. జయశీల నా చెయ్యి పట్టుకుని, "యాడన్నా ఆగుంటది గదక్కా? ఆగే ఉంటది గదా?" అని అడుగుతా ఉంది.

మెహబూబున్నీసా